క్షేత్రిక న్యాయము – ఒక పాత బుల్లెట్టు క్లచ్



ముక్తేశ్వరం రేవులో గౌతమిని దాటే పంటు మీదికి మోటారు సైకిలు ఎక్కించడం చూచేవారికి అల్పకార్యముగానే తోచును. ఒడ్డుకూ పంటుకూ నడుమ బల్లలు పరచి ఉంటాయి. వాటి మీద బండిని నడక వేగంతో, అంగుళమంగుళముగా ఎక్కించాలి. ఆ కొద్ది క్షణాలలో బండి యొక్క సమస్త శక్తీ ఎడమచేతి నాలుగు వ్రేళ్ల అధీనంలో ఉంటుంది. క్లచ్ లీవరును పూర్తిగా వదిలితే బండి ముందుకు దూకుతుంది, పూర్తిగా పట్టితే నిలిచిపోతుంది. రెంటికీ మధ్యనున్న స్వల్పావకాశములోనే బల్ల దాటడం.

మార్గశిర మాసంలో ఒక ఉదయం, మంచు ఇంకా నీటి మీదనే ఉండగా, అరువదియెనిమిదేండ్ల విశ్రాంత సంస్కృతోపాధ్యాయులొకరు ఆ బల్ల మీద తన ఎడమచేయి తన మాట వినలేదని గ్రహించారు. బొటనవ్రేలి మూలంలో శూలపు పోటు వచ్చింది. వ్రేళ్లు వాటంతట అవే విడిపోయాయి. బుల్లెట్టు ఒక్క కుదుపుతో ముందుకు దూకి పంటు అంచున ఆగిపోయింది. పడవ సరంగు హ్యాండిలు పట్టుకోకపోయినట్లయితే బండీ మాస్టారూ ఇద్దరూ గౌతమీ స్నానం చేసేవారే. సరంగు ఏమీ అనలేదు. "రేపటినుంచి నేను ఎక్కిస్తానులెండి మాస్టారూ" అన్నాడంతే. దూషణ కంటె ఆ దయయే ఆయనకు ఎక్కువ బాధ కలిగించింది. సాయంకాలం ఇంటికి వచ్చి తాళంచెవి దేవుడి గూటిలో పెట్టి, ఇక బండి తీయనని ఇల్లాలితో చెప్పారు.

ఆవలి ఒడ్డున కోటిపల్లి. సోమేశ్వరుని సన్నిధికి చేరువలో నలుగురు బాలురకు ఆయన రుద్రాధ్యాయం సంథ చెబుతున్నారు. నమకంలో పదకొండు అనువాకాలు. ఏడవది ముగిసింది. ఎనిమిదవ అనువాకం ఎత్తుకోవలసి ఉన్నది. పంచాక్షరి గర్భితమై ఉన్నది అందులోనే. మహాశివరాత్రి నాటికి ఆ బాలురు స్వామి ఎదుట నమక చమకాలు చెప్పాలని ఆయన సంకల్పం. సంథ అనేది ఉత్తరాలలో జరిగేది కాదు, ఫోనులో జరిగేదీ కాదు. స్వరం తప్పినప్పుడు గురువు తల కదలిక శిష్యునికి కనిపించాలి. పంటు మీద మనుషులుగా దాటి ఆవల ఆటో ఎక్కవచ్చును కదా అని ఎవరైనా అడుగవచ్చును. తెల్లవారుజామున ఆ రేవు దగ్గర ఆటోలు ఉండవు. ఇసుక దారి నడవడానికి ఆయన మోకాళ్లు ఒప్పుకోవు. బండి ఆగితే సంథ ఆగినట్లే.

ఆ బండి మాస్టారుగారి అన్నగారిది. మద్రాసు తిరువొత్తియూరు కర్మాగారంలో తయారైన 350 బుల్లెట్టు. బుల్లెట్టు అనే పేరు 1932 నాటిది, పుట్టిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్. మన సైన్యం అవసరాల కోసం అక్కడినుండి వచ్చి, 1955లో మద్రాసులో ఎన్ఫీల్డు ఇండియా ఏర్పడిన పిమ్మట క్రమంగా మన దేశపు బండియే అయినది. పాత నమూనా గనుక గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఈ కాలపు పిల్లలకు అది విపరీత రతి వలె కాకపోయినా విపరీత గతి వలె తోస్తుంది. ఒకసారి కుమారుడు నడపబోయి బ్రేకు అనుకొని గేరు తొక్కాడు. అన్నగారు కీర్తిశేషులై చాలాకాలమైంది. ఆయన చేతి రాపిడికి క్లచ్ లీవరు నడుమ ఒక పల్లం పడి ఉన్నది. మాస్టారు ఆ పల్లంలోనే వ్రేళ్లు పెట్టి పట్టుకుంటారు. ఆ మాట ఎన్నడూ ఎవరితోనూ అనలేదు.

బండిని వదులుకొనే ముందు ప్రయత్నం జరగలేదని కాదు. మార్గశిరం ప్రవేశించినప్పటినుండే లీవరు బరువెక్కింది. మధ్యాహ్నానికి కొంత నయం, తెల్లవారుజామున దుర్భరం. ఇది వార్ధక్యమని ఆయన నిశ్చయించుకున్నారు. చలికి కీళ్లు బిగుస్తాయి, ఎండకు సడలుతాయి. కారణం స్పష్టమే కదా! ఒక రబ్బరు బంతిని పిసుకుతూ వ్రేళ్లకు బలం తెచ్చుకోవాలని పదిహేను రోజులు సాధన చేశారు. నొప్పి పెరిగింది. పిమ్మట పట్టణంలో ఒక దుకాణంవారి దగ్గరకు వెళ్లారు. వారు పావుగంటలో ఎడమవైపు డబ్బా విప్పి, క్లచ్ స్ప్రింగులు తీసి, మెత్తనివి వేసి పంపారు. లీవరు వెన్నలా దిగింది. మాస్టారు పరమానందభరితులైనారు.

ఆ ఆనందం తొమ్మిది రోజులు నిలిచింది. పదవనాడు కోటిపల్లి రేవు ఇసుక ఎక్కుతుండగా, వెనుక ఒక బాలుడు కూర్చుని ఉండగా, ఇంజను ఘోష పెరిగిందే గాని చక్రం తిరగలేదు. కాలిన వాసన వచ్చింది. క్లచ్ ప్లేట్లు జారి మాడిపోయాయి. బాలుడు దిగి తోశాడు.

ఈ వైఫల్యం ఎందుకు కలిగిందో తెలియాలంటే క్లచ్ స్వరూపం కొంత తెలియాలి. ఇంజను తన ధోరణిలో తిరుగుతూనే ఉంటుంది. చక్రానికి ఆ భ్రమణం చేరాలంటే నడుమ ఒక సంధి కావాలి. ఆ సంధి ప్లేట్ల సముదాయం. ఇంజనుతో తిరిగే ప్లేట్లు కొన్ని, గేర్‌బాక్సుతో తిరిగేవి కొన్ని, ఒకదాని నడుమ ఒకటి పేర్చి ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి అదిమి ఏకం చేసేవి స్ప్రింగులు. లీవరు పట్టినప్పుడు మనం చేసేది ఆ స్ప్రింగుల అదుమును ఎదిరించి, ప్లేట్లను వెంట్రుకవాసి ఎడబాపడం. అంటే చేతికి తగిలే బరువులో ఒక భాగం సార్థకమైన బరువు. బండి ఎత్తు ఎక్కగలగడానికి, మనిషిని మోయగలగడానికి అదియే మూలం. దానిని తగ్గించినవాడు సౌకర్యం పేరిట సామర్థ్యాన్ని అమ్ముకున్నవాడు. సంధ్యావందనంలో గాయత్రీ జపాన్ని తగ్గించుకొని 'సులభమైంది' అనుకొనేవారి సౌలభ్యం ఈ కోవలోనిదే.

దుకాణంవారు మారు మాటాడక గట్టి స్ప్రింగులు తిరిగి వేశారు. బరువు మళ్లీ మొదటికి వచ్చింది. ఆ పిమ్మటిదే పంటు మీది ఉదంతం.

తాళంచెవి దేవుడి గూటిలో చేరిన మూడవనాడు హైదరాబాదునుండి కుమారుడు వచ్చాడు. యంత్రశాస్త్రం చదివినవాడు. బండిని అమ్మివేయమని రెండేళ్లుగా చెబుతున్నవాడు కూడా. కాని దేవుడి గూటిలో తాళంచెవి చూచి ఆ మాట ఎత్తలేదు. "నాన్నగారూ, ఒక్కసారి సాయిబుగారికి చూపించి, ఆ తరువాత మీ యిష్టం" అన్నాడు. సాయిబుగారు అమలాపురంలో పాత బుల్లెట్లు మాత్రమే చూచే వృద్ధ మెకానిక్కు. అన్నగారి కాలంలో ఈ బండికి చేయి పెట్టినవాడు ఆయనే. ఇప్పుడు చూపు మందగించి పని తగ్గించుకున్నారు.

సాయిబుగారు మొదట స్ప్రింగులను తాకలేదు. చేపలు తూచే కొక్కెపు స్ప్రింగు త్రాసు ఒకటి తెచ్చి లీవరు చివర తగిలించి లాగారు. ప్లేట్లు విడివడే వేళకు ముల్లు 15 కిలోల దగ్గర ఉన్నది. తరువాత గేర్‌బాక్సు దగ్గర కేబులు చివరను విడదీశారు. ఇప్పుడు లీవరుకు స్ప్రింగులతో సంబంధమే లేదు. "ఇప్పుడు పట్టండి మాస్టారూ" అన్నారు. మాస్టారు పట్టారు. బరువు ఉన్నది! వదిలితే లీవరు తనంత తాను తిరిగి రాలేదు, సగంలో నిలిచిపోయింది. "మరి ఇప్పుడు స్ప్రింగు లేదు గదండీ. ఈ బరువెవరిది?"

దర్శనశాస్త్రాలు చదివినవారికి ఇది అన్వయ వ్యతిరేకమని వెంటనే స్ఫురిస్తుంది. ఏది ఉంటే ఏది ఉంటుందో, ఏది లేకపోతే ఏది ఉండదో పరీక్షించి కారణాన్ని నిర్ణయించడం. మాస్టారు దానిని నలభై ఏళ్లు పిల్లలకు కుండ, కుమ్మరి ఉదాహరణలతో బోధించారు. తన లీవరు విషయంలో మాత్రం ఆ పరీక్ష చేయక, దోషాన్ని తన దేహానికి ఆరోపించి ఊరుకున్నారు. సాయిబుగారు ఆ శాస్త్రం పేరు వినలేదు, పరీక్ష చేశారు.

కేబులును బయటికి లాగారు. లోపలి తీగ ఉక్కు పోగుల పేట, పైన తొడుగు. తీగ వెంబడి తెల్లని మైనం వంటి పదార్థం దుమ్ముతో కలిసి ముద్ద కట్టి ఉన్నది. సాయిబుగారు గోటితో గీకి వాసన చూచి మాస్టారు వైపు తిరిగారు. "కొబ్బరినూనె పోశారా?"

పోశారు. వేసవిలో లీవరు కిర్రుమంటే ఇంట్లో ఉన్న నూనె పోశారు. కోనసీమలో తలకు, దీపానికి, తలుపు బందుకు, గొంతు నొప్పికి అన్నిటికీ కొబ్బరినూనెయే కదా! అయితే ఆ నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మార్గశిరపు తెల్లవారుజామున గౌతమీ తీరంలో చలి అంతకు దిగువనే ఉంటుంది. సీసాలో గడ్డకట్టిన నూనెను ఇల్లాలు పొయ్యి దగ్గర పెట్టి కరిగించుకుంటారు. కేబులులోని నూనెను ఎవరు కరిగిస్తారు? ఎండెక్కితే అదే కరిగేది. ఉదయం దుర్భరం, మధ్యాహ్నం నయం. వార్ధక్య లక్షణమని ఆయన భావించినది నూనె లక్షణం. రబ్బరు బంతి పిసికిన పదిహేను రోజుల సంగతి తలచుకొని మాస్టారు అక్కడే పకపక నవ్వారట. చాలాకాలానికి ఆ నవ్వు విన్నానని కుమారుడు తరువాత తల్లితో చెప్పాడు.

దోషం అదొక్కటే కాదు. ఎవరో ఎప్పుడో హెడ్‌లైటు తీగలు సరిచేసి, క్లచ్ కేబులును కూడా వాటితో చేర్చి కట్టుతీగతో బిగించారు. హ్యాండిలు ఎడమకొసనుండి బయలుదేరిన కేబులు బండి మెడను చుట్టి, టాంకు క్రిందుగా కుడివైపున్న గేర్‌బాక్సుకు దిగాలి. ఆ దారి సహజంగానే వంపులు గలది. కట్టు వల్ల మరొక వంపు చేరింది. ఇక్కడ కుమారుని చదువు ఉపయోగపడింది. వంపు తిరిగిన తీగకు ఘర్షణ కూడిక వలె పెరగదు, గుణకారం వలె పెరుగుతుందని ఆయిలరు అనే గణితజ్ఞుడు చెప్పిన సూత్రాన్ని వాడు లెక్క వేసి చూపాడు. ఘర్షణాంకం 0.15 అనుకుంటే, మొత్తం వంపు 90 డిగ్రీలైతే చేతి బలం 1.27 రెట్లు కావాలి. 180 డిగ్రీలైతే 1.6 రెట్లు. 270 డిగ్రీలకు రెండు రెట్లు. అంటే గేర్‌బాక్సు ఏడున్నర కిలోలు అడిగితే చేయి పదిహేను ఇచ్చుకోవాలి, సగం త్రోవలోనే వ్యయం. విచిత్రమేమంటే వంపు పెద్దదా చిన్నదా అన్నది ఈ లెక్కలో లేదు, మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్నదే లెక్క.

"రేవులో మోకు చుట్టేది కూడా ఇదే సూత్రం నాన్నగారూ" అన్నాడు కుమారుడు. నిజమే. పంటు ఒడ్డు చేరగానే ఒక కుర్రవాడు మోకును గుంజకు మూడు చుట్లు చుట్టి కొసను రెండు వ్రేళ్లతో పట్టుకొని నిలుచుంటాడు. అంత బరువైన పంటు కదలదు. మోకుకూ కొయ్యకూ నడుమ ఘర్షణాంకం 0.3 అనుకుంటే మూడు చుట్లకు బలం రెండు వందల రెట్లకు పైబడి పెరుగుతుంది. అక్కడ వంపు మిత్రం, ఇక్కడ శత్రువు. వంపుకు స్వయంగా మిత్రత్వమూ లేదు, శత్రుత్వమూ లేదు. సంసారంలో స్నేహబంధాన్ని గురించి ఇదే మాట చెప్పవచ్చును గాని ఇప్పుడు అది ప్రస్తుతం కాదు.

సాయిబుగారు కొత్త కేబులు వేశారు. వేసే ముందు దాని పై చివరకు ప్లాస్టిక్ కవరును గరాటువలె కట్టి, పలుచని యంత్రతైలం పోసి, రాత్రంతా దూలానికి వ్రేలాడదీశారు. తెల్లవారేసరికి క్రింది చివరనుండి నూనె బొట్లుబొట్లుగా స్వచ్ఛంగా దిగుతున్నది. నైలాను పొర లోపల ఉన్న రకం కేబులైతే ఇంత నూనె అక్కరలేదని, గ్రీజు కూరితే దుమ్ము పట్టి చెడుతుందని ఆయన అన్నారు. తిన్నని దారిలో, హ్యాండిలు ఇటునుండి అటు పూర్తిగా తిప్పినా ఎక్కడా బిగియని విధంగా కేబులు అమర్చారు. లీవరులో కూర్చునే కేబులు గుండు స్వేచ్ఛగా తిరగాలి. తిరగకపోతే ప్రతి పట్టుకూ తీగ ఆ మెడ దగ్గరే వంగి, పోగు పోగుగా తెగుతుంది. అక్కడ ఒక చుక్క గ్రీజు. త్రాసు తగిలిస్తే తొమ్మిదిన్నర కిలోలు. పదిహేనునుండి తొమ్మిదిన్నర! స్ప్రింగుల జోలికి ఎవరూ పోలేదు.

తరువాత గేర్‌బాక్సు. కుడివైపున చిన్న మూత తీస్తే లోపల సర్దుబాటు స్క్రూ, దాని లాకునట్టు కనిపిస్తాయి. ప్లేట్లు అరిగే కొద్దీ సర్దవలసినది మొదట ఇక్కడ. కాని పై కేబులు దగ్గర సర్దడం సుళువు గనుక ఏండ్ల తరబడి అక్కడే తిప్పుతూ వచ్చారు. ఫలితంగా లోపలి చిన్న లీవరు వాలిపోయింది. కేబులు లాగే దిశకు అది నిటారుగా, 90 డిగ్రీలలో ఉన్నప్పుడే లాగిన బలమంతా పనికి వస్తుంది. 60 డిగ్రీలకు వాలితే 87 వంతులే అందుతుంది, తక్కినది వృథా. సాయిబుగారు పై కేబులును పూర్తిగా వదులు చేసి, లోపలి స్క్రూను తగిలేవరకు తిప్పి, కొద్దిగా వెనుకకు తీసి లాకు బిగించి, ఆ తరువాతే పైన లీవరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి సర్దారు. ఆ ఖాళీ లేకపోతే చేయి వదిలినా ప్లేట్లు పూర్తిగా కలియవు.

గేర్‌బాక్సు నడుమగా, బోలు ఇరుసులో దూరి, కుడివైపు తోపును ఎడమవైపు ప్లేట్లకు చేర్చే ఉక్కు కడ్డీ ఒకటి ఉన్నది. దానిని బయటికి తీసి గాజుపలక మీద దొర్లించారు. స్వల్పంగా ఎగిరెగిరి దొర్లింది, వంకర ఉన్నదన్న మాట. చివర పొడిబారి, దెబ్బలు తిన్న మేకు తలవలె అణగి ఉన్నది. కొత్తది గ్రీజు రాచి వేశారు. త్రాసు ఎనిమిదిన్నర చూపింది.

ఇంతవరకూ జరిగిన పనిలో ఎక్కడా బలం చేర్చడం లేదు. మాస్టారు మనస్సు అప్పటికే యోగదర్శనం వైపు పోయింది. కైవల్యపాదంలో పతంజలి మహర్షి చెప్పిన క్షేత్రికుని దృష్టాంతం విజ్ఞులకు తెలియనిది కాదు. నీరు నిండిన మడినుండి పక్క మడికి నీరు పెట్టదలచిన రైతు నీటిని దోసిళ్లతో మోయడు. గట్టు తెంపుతాడు. నీరు తన స్వభావం చేత తానే పారుతుంది. ధర్మాదులు ప్రకృతిని నడిపించేవి కావు, ఆవరణాన్ని భేదించేవి మాత్రమేనని అక్కడి తాత్పర్యం. వ్యాసభాష్యం మరొక అడుగు ముందుకు వేసి, ఆ రైతే వరి వేళ్లలోనికి జలరసాన్ని చొప్పించలేడని, కలుపు తీస్తే ఆ రసం తానే ప్రవేశిస్తుందని చెబుతుంది. కోనసీమలో పుట్టినవాడికి దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు, కాలువ మీద తూము ఎత్తేవాడిని చూచినా చాలు. అయినా ఆ భాష్యం పలుమార్లు చెప్పిన పండితుడు రబ్బరు బంతితో చేతికి బలం చొప్పించబోయాడు. శాస్త్రం కంఠస్థమై ఉండడం వేరు, సమయానికి స్ఫురించడం వేరు. స్ఫురింపజేసేది ఒక్కొక్కప్పుడు గురువు, ఒక్కొక్కప్పుడు చేపల త్రాసు.

సాధకులు ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. గట్టు తెంపవలసిన చోట తెంపాలి గాని చెరువు కట్టను తెంపకూడదు. మెత్తని స్ప్రింగులు వేసిన దుకాణంవారు చేసినది ఆ రెండవ పని. ఏది ఆవరణమో, ఏది ఆధారమో తెలియకుండా 'అడ్డు తొలగించడం' మొదలుపెట్టినవారు నియమాన్ని బంధమని, గురువును బరువని, చివరకు ఆచారాన్ని అంతటినీ ఘర్షణమని తలచి త్రోసివేస్తారు. కొద్దిరోజులు లీవరు వెన్నలాగే దిగుతుంది.

ఎనిమిదిన్నర కిలోలు నయమే గాని, నొప్పి పట్టిన బొటనవ్రేలికి ఇంకా ఎక్కువే. సాయిబుగారు ఒక పాత డబ్బా తెరచి వేరొక లీవరు తీశారు. పాత బ్రిటిషు మోటారు సైకిళ్ల లీవర్లలో ఇరుసునుండి కేబులు గుండుకు గల దూరం రెండు కొలతలలో వచ్చేది. ఒకటి 1 1/16 అంగుళం, అంటే 27 మిల్లీమీటర్లు. రెండవది 7/8 అంగుళం, అంటే 22. అన్నగారి లీవరు మొదటి రకం. రెండవది వేస్తే చేతి బలం దాదాపు ఆరవవంతు తగ్గుతుంది. వేసి తూచారు. ఏడు కిలోలు! మాస్టారు ముఖం వికసించింది, వెంటనే వాడిపోయింది కూడా. విప్పి బల్ల మీద పెట్టిన పాత లీవరు మీద ఆ పల్లం కనిపిస్తున్నది.

కుమారుడు చూచాడు. ఏమీ అనలేదు. సాయిబుగారే అన్నారు: "పెద్దాయన చెయ్యి గదూ అది. నాకూ తెలుసు."

బండి ప్రారంభించి మొదటి గేరు వేస్తే కరకరమని ధ్వని వచ్చింది. లీవరు పూర్తిగా పట్టి ఉన్నా బండి మెల్లగా ముందుకు ప్రాకుతున్నది. కారణం దైవకృతం కాదు, గణితమే. చేతికి ఆరవవంతు బలం ఆదా అయిన చోట, కేబులు కదిలే దూరం కూడా ఆరవవంతు తగ్గింది. ప్లేట్లు పూర్తిగా ఎడబాయడం లేదు. ఘర్షణను తొలగించి సంపాదించిన సౌలభ్యానికి ప్రతిఫలం చెల్లించనక్కరలేదు, అది మొదటినుండీ మనదే, దొంగ తిన్నది. లీవరు కొలత మార్చి సంపాదించినది మాత్రం ఋణం, దూరం రూపంలో తీర్చవలసిందే. కొత్త ప్లేట్లతో, మరికొంత సర్దుబాటుతో ఈ చిన్న లీవరునే చాలామంది నడుపుకుంటున్నారని సాయిబుగారు అన్నారు. "కాని మీరు పంటు బల్ల ఎక్కాలి మాస్టారూ. ప్రాకే బండితో బల్ల ఎక్కకూడదు. తేలికైంది కావాలా, తెగినట్టు విడిపోయేది కావాలా, ఒకటి చెప్పండి."

మాస్టారు పాత లీవరునే వేయమన్నారు. అందులో అన్నగారి మీది మమకారం ఎంత, పంటు బల్ల ఎంత అని ఆయన తనను తాను ప్రశ్నించుకున్నారో లేదో ఎవరికీ తెలియదు. సాయిబుగారు దాని ఇరుసు రంధ్రం కోడిగ్రుడ్డు ఆకారంలో అరిగిపోయిందని చూపి, లేతు మీద ఇత్తడి బుష్ చేయించి బిగించారు. దానితో మునుపటి ఊగులాట పోయింది. పల్లాన్ని ఎవరూ ముట్టుకోలేదు. త్రాసు ఎనిమిది పైచిల్లర దగ్గర నిలిచింది.

మిగిలిన బరువు సంగతి ఏమిటి? దానికి ఉపాయం సాయిబుగారు చివరికి, చేతులు కడుక్కుంటూ చెప్పారు. "మీరు ఆగినచోటల్లా క్లచ్ పట్టుకునే నిలుచుంటారు. నేను చూస్తున్నాను గదా, ఇందాక కాఫీ కుర్రాడితో మాట్లాడినంతసేపూ పట్టుకునే ఉన్నారు. ఎందుకండీ?" మాస్టారు దగ్గర సమాధానం లేదు. బుల్లెట్టు గేర్‌బాక్సు ప్రక్కన ఒక చిన్న మీట ఉంటుంది. మొదటి గేరులో తప్ప మరే గేరులో ఉన్నా, క్లచ్ పట్టి ఆ మీటను మడమతో నొక్కితే బండి ఒక్కసారిగా న్యూట్రల్‌లోనికి వస్తుంది. చేయి వదలివేయవచ్చును. పంటు కోసం ఒడ్డున వేచి ఉన్న పది నిముషాలూ, గేటు దగ్గరా, గొర్రెలమంద అడ్డు వచ్చినప్పుడూ మాస్టారు ఊరకే లీవరు పట్టుకొని ఉండేవారు. నొప్పిలో సగం లాగినందువల్ల వచ్చినది కాదు, వదలకపోయినందువల్ల వచ్చినది. ఆసన ప్రకరణంలో పతంజలి చెప్పిన ప్రయత్నశైథిల్యం సోమరితనం కాదని, అనవసర ప్రయత్నాన్ని సడలించడమని, దానివల్లనే అంగకంపనం ఆగుతుందని పిల్లలకు చెప్పినవారే ఆయన. ఇంటికి వచ్చేదారిలో రెండుచోట్ల ఆగవలసి వచ్చింది. రెండుచోట్లా మడమతో మీట నొక్కి, ఎడమచేతిని తొడ మీద పెట్టుకున్నారు.

వెనుక కూర్చున్న కుమారుడు బండి అమ్మకం సంగతి మళ్లీ ఎత్తలేదు. హైదరాబాదు వెళ్లేముందు మాత్రం కొబ్బరినూనె సీసాను బండి పెట్టే వసారాలోనుండి తీసుకుపోయి వంటింట్లో పెట్టాడు.

మరునాడు తెల్లవారుజామున ముక్తేశ్వరం రేవులో సరంగు అలవాటుగా ముందుకు వచ్చి చేయి చాచాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. బల్ల మీద బండి నడకవేగంతో ఎక్కింది, పంటు నడుమ ఆగింది, మడమ మీట మీద పడింది. సరంగు మోకు విప్పి, "చెయ్యి నయమైందాండీ?" అని అడిగాడు. "చెయ్యికి ఏమీ కాలేదయ్యా" అన్నారు మాస్టారు.

కోటిపల్లిలో నలుగురు బాలురూ వీధి అరుగు మీద కూర్చొని ఉన్నారు. గురువుగారు రారేమోనని వారం రోజులుగా ఏడు అనువాకాలనే వల్లె వేసుకుంటున్నారు. అందరిలో చిన్నవాడు, ఆనాడు ఇసుకలో బండి తోసినవాడు, పరుగున వచ్చి లీవరు పట్టి చూస్తానన్నాడు. వాడి చేయి చిన్నది, వ్రేళ్లు పూర్తిగా అందలేదు. రెండు చేతులతో పట్టాడు. లీవరు నెమ్మదిగా పిడి వరకు వచ్చింది, వదలగానే తనంత తాను వెనుకకు పోయింది. వాడు మళ్లీ పట్టాడు. మాస్టారు కాళ్లు కడుక్కొని ఆచమనం చేసి అరుగెక్కి కూర్చునేదాకా వాడు దానిని పట్టి వదులుతూనే ఉన్నాడు. తరువాత పిలుపు విని వచ్చి తన స్థానంలో కూర్చున్నాడు. ఎనిమిదవ అనువాకం ప్రారంభమైంది.